ఒకే ఏడాది పేటెంటు పొందిన రెండు బ్రేకులు

బిచ్కుంద దిక్కున ఏపీ 25 నంబరు ప్లేటుతో బండి కనిపించిందంటే, అది తెలంగాణ రాకముందు నిజామాబాద్ జిల్లాలో రిజిస్టరైనదని అర్థం. 2016 అక్టోబరు 11న కామారెడ్డి జిల్లా ఏర్పడ్డాక ఇక్కడి కొత్త బండ్లకు 17 నంబరు వచ్చింది. పాత నంబరు బండ్లలో స్ప్లెండర్లున్నాయి, బుల్లెట్లున్నాయి. చాలావాటికి ఇంజను ఇంకా గట్టిగానే ఉంది, ముందు చక్రానికి మాత్రం డ్రమ్ము బ్రేకే. పిట్లం, మద్నూర్ మీదుగా దెగ్లూరు వైపు సాగే 161వ జాతీయ రహదారి మీద వేగాలు పెరిగాయి. అందుకే పాత బండి ఉన్నవాళ్లు మెకానిక్ దగ్గర అడిగే మాట ఒకటుంది: ముందర డిస్కు వేయించొచ్చా? ఆ ప్రశ్నకు జవాబు ఈ రెండు బ్రేకుల చరిత్రలోనే దొరుకుతుంది.

డ్రమ్ము పాతది, డిస్కు కొత్తది అనుకుంటాం. నిజానికి రెంటికీ పేటెంట్లు 1902లోనే వచ్చాయి. ఫ్రాన్సులో లూయీ రెనో డ్రమ్ము బ్రేకుకు తీసుకున్నాడు. ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో ఫ్రెడరిక్ లాంచెస్టర్ డిస్కు బ్రేకుకు తీసుకున్నాడు. లాంచెస్టర్ బ్రేకులో పలుచటి లోహపు బిళ్లను రెండు పక్కల నుంచి రాగి ముక్కలు నొక్కేవి. లోహం మీద లోహం రాసుకుని చెవులు చిల్లులు పడేంత కీచుమనేది. పైగా అప్పటి రోడ్లు చాలావరకు మట్టి రోడ్లే. బయటికి తెరిచి ఉన్న ఆ రాగి ముక్కలను దుమ్ము తొందరగా అరగదీసేది. డ్రమ్ములో షూలు మూత లోపల ఉంటాయి కాబట్టి దుమ్ము అంతగా తగలదు. కొద్ది ఏళ్లకే హెర్బర్ట్ ఫ్రూడ్ ఆస్బెస్టాస్ లైనింగు తెచ్చి కీచుమనే బాధ తీర్చినా, అప్పటికే డ్రమ్ము వైపు మొగ్గు వచ్చేసింది. ఆ తర్వాత యాభై ఏళ్లు రోడ్డు మీద రాజ్యమంతా దానిదే.

డ్రమ్ముకు ఇంకో బలం ఉంది. లీవరు నొక్కితే కేబుల్ లాగుతుంది, క్యామ్ తిరుగుతుంది, రెండు షూలు విచ్చుకుని డ్రమ్ము లోపలి గోడను పట్టుకుంటాయి. చక్రం తిరిగే ఊపే ముందు షూను గోడకేసి ఇంకా గట్టిగా అదుముతుంది. అంటే చెయ్యి పెట్టిన బలానికి బండి తన బలాన్ని కలుపుతుంది. ఒక్క కేబుల్‌తో పని జరిగిపోతుంది. తయారీ చవక, రిపేరు తేలిక.

బలహీనత వేడి దగ్గర బయటపడుతుంది. వేగం రెట్టింపైతే బ్రేకు మింగాల్సిన శక్తి నాలుగింతలవుతుంది. 80 కిలోమీటర్ల వేగంతో పోయే బండిని ఆపడమంటే, 40తో పోయేదాన్ని ఆపడానికి నాలుగింతల పని. ఆ శక్తంతా వేడిగా మారుతుంది. మూసి ఉన్న డ్రమ్ములోంచి వేడి త్వరగా బయటికి పోదు. కాగిన డ్రమ్ము వ్యాకోచించి షూలకు దూరం జరుగుతుంది, లైనింగు పట్టు తగ్గుతుంది, లీవరు లోపలికి పోతుంది. వానలో నీళ్లు చొరబడితే ఆరేదాకా బ్రేకు సరిగ్గా పట్టదు. డిస్కు గాలికి తెరిచి ఉంటుంది కాబట్టి వేడి పోతుంది, నీళ్లు చిమ్మిపోతాయి.

ఈ తేడాను లోకానికి చూపించింది కారు పందెం. 1953లో ఫ్రాన్సులోని లెమాన్ 24 గంటల పందేన్ని డన్‌లప్ డిస్కు బ్రేకులు బిగించిన జాగ్వార్ సి-టైపు గెలిచింది. మలుపు మలుపుకీ కాగిపోయే డ్రమ్ములున్న కార్ల కన్నా, ఆ కారు మలుపు దగ్గరపడేదాకా వేగం నిలుపుకోగలిగింది. రెండు చక్రాల బండ్ల దాకా రావడానికి ఇంకో తొమ్మిదేళ్లు పట్టింది. 1962లో ఇటలీ వాళ్ల లాంబ్రెట్టా టీవీ 175 స్కూటరుకు కేబుల్‌తో పనిచేసే డిస్కు వచ్చింది. 1969లో హోండా సీబీ 750 ఆయిల్ ఒత్తిడితో పనిచేసే ముందు డిస్కుతో వచ్చి, పెద్ద బండ్ల తీరే మార్చేసింది.

మన దేశంలో డిస్కు నిదానంగా వచ్చింది. ఇక్కడ చవకగా దొరకడం, ఊళ్లో బాగుచేసుకోగలగడం ముఖ్యం. 1983లో వచ్చిన రాజ్‌దూత్ 350కి మూలమైన యమహా ఆర్‌డీ 350 బయటి దేశాల్లో డిస్కుతో తిరిగింది, ఇక్కడ రాజ్‌దూత్‌ను డ్రమ్ముతోనే అమ్మారు. 1980లలో ఎన్‌ఫీల్డ్ ఫ్యూరీ ముందు డిస్కుతో వచ్చింది కానీ జనంలోకి పోలేదు. 1999లో హీరో హోండా సీబీజెడ్ రాకతో కుర్రకారు కళ్లు డిస్కు మీద పడ్డాయి. 2019 ఏప్రిల్ 1 నుంచి 125 సీసీ దాటిన కొత్త బండ్లన్నింటికీ చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్, అంతకు లోపువాటికి కనీసం రెండు బ్రేకులూ కలిసి పట్టే సీబీఎస్ తప్పనిసరి అయ్యాయి. సీబీఎస్‌కు డిస్కు అక్కర్లేదు. అందుకే చిన్న బండ్లలో డ్రమ్ము ఇప్పటికీ బతికే ఉంది.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. డిస్కు వేయించడమంటే ఒక బిళ్ల బిగించడం కాదు. డ్రమ్ముకున్నట్టు చక్రం ఊపు డిస్కుకు సాయం చెయ్యదు, బలమంతా ఆయిల్ ఒత్తిడి నుంచే రావాలి. కాబట్టి హ్యాండిల్ దగ్గరి మాస్టర్ సిలిండరు, కింది క్యాలిపర్ ఒకదానికొకటి సరిపోవాలి. సిలిండరు పిస్టన్ మరీ పెద్దదైతే లీవరు రాయిలా ఉండి బ్రేకు చాలదు, మరీ చిన్నదైతే లీవరు గ్రిప్పుకు తగిలేదాకా వస్తుంది. క్యాలిపర్ పట్టే చెవులున్న ఫోర్కు, డిస్కు బిగించే హబ్బు, దానికి తగ్గ ఇరుసు, స్పీడోమీటరు గేరు, హోసు, బ్రేకు లైటు స్విచ్చు అన్నీ కావాలి. బుల్లెట్‌కైతే డిస్కుతో వచ్చిన ఎలక్ట్రా, థండర్‌బర్డ్‌ల 280 మిల్లీమీటర్ల డిస్కు సెట్టు, స్ప్లెండర్‌కైతే అదే కంపెనీ డిస్కు మోడల్ సెట్టు చూసుకోవాలి. పాత ఫోర్కుకు చెవులు వెల్డింగు పెట్టించడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. గట్టిగా బ్రేకు వేసినప్పుడు ఆ బలమంతా ఆ అతుకు మీదే పడుతుంది.

పని అయ్యాక లైనులో గాలి బుడగ మిగలకుండా తీయించాలి. మాస్టర్ సిలిండరు మూత మీద రాసిన డాట్ 3 లేదా డాట్ 4 ఆయిలే పోయాలి. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది కాబట్టి రెండేళ్లకోసారి మార్చాలి. కొత్త ప్యాడ్లు కుదురుకునేదాకా నెమ్మదిగా నడపాలి. పాత డ్రమ్ము విప్పినప్పుడు నోటితో గానీ గాలి పైపుతో గానీ దుమ్ము ఊదొద్దు. పాత లైనింగులో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, అది ఊపిరితిత్తులకు విషం. తడిబట్టతో తుడవాలి. కంపెనీ ఇచ్చిన తీరుకు భిన్నంగా బండిని మార్చడంపై మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ఆంక్షలు పెడుతుంది. సామాను కొనకముందే కామారెడ్డి రవాణా కార్యాలయంలోనూ, బీమా కంపెనీలోనూ అడిగి రాతపూర్వకంగా తెలుసుకోండి.

నా తీర్పు ఇది. బుల్లెట్ లాంటి బరువైన బండి మీద రోజూ హైవే ఎక్కేవాళ్లు పూర్తి సెట్టుతో, తెలిసిన మెకానిక్‌తో డిస్కు వేయించుకోవడం మంచిదే. సుమారు 110 కిలోల స్ప్లెండర్ మీద ఊరికీ చేనుకీ తిరిగేవాళ్లకు కొత్త షూలు, కొత్త కేబుల్, సరిచేసిన డ్రమ్ము చాలు. రేగడి బురద, మంజీర నది ఇసుక ఉన్న దారిలో ఏ బ్రేకైనా టైరుకున్న పట్టు మేరకే ఆపుతుంది. అరిగిన టైరు మీద డిస్కు వేయిస్తే బండి ఆగదు, జారుతుంది. కాబట్టి చేతిలో ఉన్న డబ్బు ముందు టైరు మీద, తర్వాత బ్రేకు మీద పెట్టండి. సగం సామానుతో మాత్రం డిస్కు వేయించకండి.