వాయిద్యాన్ని బతికించే చేతులు

వాయిద్యం తయారుచేసినవాళ్ల పేర్లు చరిత్రలో ఉంటాయి. వాయించినవాళ్ల పేర్లూ ఉంటాయి. మధ్యలో దాన్ని బాగుచేస్తూ వచ్చినవాళ్ల పేర్లు మాత్రం అరుదుగా కనబడతాయి. కర్ర, తోలు, తీగ ఎండకూ వానకూ మారిపోయేవే. బాగుచేసే చెయ్యి లేకపోతే తీగల వాయిద్యం మూడు తరాలు దాటడం కష్టం. వయొలిన్ విషయంలోనూ, మన కిక్రి విషయంలోనూ ఇదే నిజం. ముందుగా వయొలిన్ చరిత్ర చూద్దాం. అందులో మనం నేర్చుకోవలసింది ఉంది.

వయొలిన్ 16వ శతాబ్దంలో ఉత్తర ఇటలీలో రూపుదిద్దుకుంది. క్రెమోనా పట్టణంలో ఆండ్రియా అమాటి కుటుంబం తరతరాలుగా వయొలిన్లు చేసింది. అదే పట్టణానికి చెందిన ఆంటోనియో స్ట్రాడివారి 1737లో చనిపోయాడు. ఆయన చేసిన వయొలిన్లు ఇప్పుడు కోట్ల రూపాయలు పలుకుతున్నాయి. అయితే వాటిలో దాదాపు ఏదీ ఆయన చేసినది చేసినట్టుగా లేదు. 1800 ప్రాంతంలో కచేరీలు పెద్ద హాళ్లకు మారాయి, ఇంకా గట్టి నాదం కావలసివచ్చింది. అప్పుడు మరమ్మతుదారులు తలభాగాన్ని ఉంచి, కొంచెం పొడవైన కొత్త మెడను వెనక్కి వంచి అతికారు. లోపలి బేస్ బార్ కర్రనూ మార్చారు. ఇలాంటి పనిలో మిలాన్ నగరపు మాంటెగాజా కుటుంబం పేరుపొందింది. అంటే ఈనాడు లోకం మెచ్చుకుంటున్న ఆ నాదంలో మరమ్మతుదారుల పాలు కూడా ఉంది.

ఈ పని ఎంత సున్నితమైనదో ఒక చిన్న పుల్లను చూస్తే తెలుస్తుంది. వయొలిన్ లోపల పై పలకకూ వెనుక పలకకూ మధ్య ఒక గుండ్రటి పుల్ల నిలబడి ఉంటుంది. దాన్ని సౌండ్ పోస్ట్ అంటారు. దానికి జిగురు పెట్టరు, బిగుతు మీదే నిలుస్తుంది. తీగలను ఎత్తిపట్టే గుర్రం కుడికాలికి కాస్త వెనుక అది ఉండాలి. కొద్దిగా జరిగినా నాదం మారిపోతుంది. ఇటలీవాళ్లూ ఫ్రాన్సువాళ్లూ తమ భాషల్లో ఆ పుల్లను ‘ఆత్మ’ అని పిలుస్తారు. వయొలిన్ పలకలను జంతువుల తోలు నుంచి కాచిన జిగురుతో అతుకుతారు. వేడి, తడి తగిలితే ఆ జిగురు వదులుతుంది. కాబట్టి కర్ర పాడవకుండా విప్పి, బాగుచేసి, మళ్లీ అతకవచ్చు. రేపు ఎవరో ఒకరు దీన్ని విప్పవలసి వస్తుందని ముందే తెలిసి చేసిన పని అది.

ఈ విద్య ఇంటి గడప దాటి బడిలోకి వచ్చింది. జర్మనీలోని మిట్టెన్‌వాల్డ్‌లో 1858లో వయొలిన్ తయారీ బడి పెట్టారు. అక్కడ కొలతలు కాగితం మీదికి ఎక్కాయి. మన దక్షిణాదికి వయొలిన్ వచ్చాక బాలుస్వామి దీక్షితులు దాన్ని కర్ణాటక సంగీతంలోకి తెచ్చారు. ఇక్కడివాళ్లు నేల మీద కూర్చుని వాయించారు, శ్రుతిని తమ పాటకు తగ్గట్టు మార్చుకున్నారు. 1919లో విజయనగరంలో సంగీత కళాశాల వచ్చింది. ఇలా వయొలిన్‌కు దేశదేశాల్లో బడులు దొరికాయి.

మరి కిక్రికి? ఆదిలాబాద్ ప్రాంతపు పర్ధానులు మూడు తీగల ఈ వాయిద్యాన్ని కమానుతో వాయిస్తారు. తోలు కప్పిన కర్ర తొట్టి దాని ఒళ్లు. కిక్రి మూలపురుషుడు హీరాసుకా అని పెద్దలు చెబుతారు. గోండుల ఒక్కో గోత్రం కథను, దేవతల కథను పర్ధానులు కిక్రి మీదే పాడుతూ వచ్చారు. కాగితం లేని కాలంలో అదే మన గ్రంథాలయం. 1940ల్లో హైమెన్‌డార్ఫ్ వచ్చి ఆ కథల్లో కొన్నిటిని రాసుకున్నాడు. కథలు అలా కొంతవరకు పుస్తకాలకెక్కాయి. కానీ తోలు ఎంత బిగించాలి, గుర్రం ఎక్కడ నిలపాలి, వానకాలంలో సడలిన తోలును ఎలా దారికి తేవాలి అన్నవి చేతుల్లోనే ఉండిపోయాయి. ఆ చేతులు ముసలివయ్యాయి.

కిక్రి మూగపోతే పోయేది ఒక వాయిద్యం మాత్రమే కాదు. కథ పుస్తకంలో ఉన్నా, దాన్ని ఏ స్వరంలో పాడాలో పుస్తకం చెప్పదు. అద్దాల పెట్టెలో దాచిన కిక్రి కూడా చెప్పదు. బాగుచేసి, శ్రుతి కలిపి, వాయించే కిక్రి మాత్రమే చెబుతుంది.

అందుకే ఉపాధ్యాయ మిత్రులకు ఒక మాట. మీ బడి పరిధిలో కిక్రి ఉన్న ఇల్లు ఉంటే, ఆ పెద్దమనిషిని మర్యాదగా పిలవండి. ఆయన సమయానికి తగిన ప్రతిఫలం ఇవ్వండి. పిల్లల చేత కొలతలు తీయించండి. ఏ చెట్టు కర్ర, ఏ జంతువు తోలు, ఏ భాగాన్ని గోండీలో ఏమంటారు అని అడిగి రాయించండి. బొమ్మ గీయించండి. యువకులకూ ఒక మాట. పగిలిన కిక్రిని పారేయకండి, అమ్మకండి. పెద్దాయన పక్కన కూర్చుని ఒక్కసారైనా తోలు బిగించి చూడండి. వయొలిన్‌ను నాలుగు వందల ఏళ్లకు పైగా నిలబెట్టింది కూడా ఇలా పక్కన కూర్చుని నేర్చుకున్నవాళ్లే.