ప్లేటో నుంచి జిల్ వాట్సన్ దాకా

కంప్యూటర్‌తో పాఠం చెప్పించే ప్రయత్నం నిన్నమొన్నటిది కాదు. 1960లోనే ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో డొనాల్డ్ బిట్జర్ ప్లేటో వ్యవస్థను మొదలుపెట్టారు. అధ్యాపకులే పాఠాలు రూపొందించుకునేందుకు తర్వాత ట్యూటర్ అనే ప్రోగ్రామింగ్ భాష వచ్చింది.

అసలు మలుపు 2016లో, అమెరికాలోని జార్జియా టెక్‌లో. కృత్రిమ మేధపై ప్రొఫెసర్ అశోక్ గోయల్ నడిపే ఆన్‌లైన్ కోర్సులో సుమారు 300 మంది విద్యార్థులు, సెమిస్టర్‌కు దాదాపు 10,000 సందేశాలు. బోధన సహాయకులు ఎన్నింటికని జవాబిస్తారు? పాత ప్రశ్నోత్తరాలు నేర్పి, ఐబీఎం వాట్సన్ అనే కృత్రిమ మేధ వ్యవస్థ ఆధారంగా ‘జిల్ వాట్సన్’ అనే చాట్‌బాట్‌ను తయారుచేశారు. మొదట్లో అది తడబడింది. 97 శాతం నమ్మకం కుదిరితేనే జవాబిచ్చేలా తీర్చిదిద్దారు.

పదేపదే వచ్చే మామూలు ప్రశ్నలు యంత్రానికి, లోతైన చర్చ మనుషులకు. ఈ పని విభజన ఎంతో మేలైనది.

జిల్ మనిషి కాదని విద్యార్థులకు తెలిసింది సెమిస్టర్ చివర్లోనే. ఆ సంగతి వాళ్లకు ముందే చెప్పి ఉండాల్సింది.