వేసవి సెలవులు ఎవరివి?

నందికొట్కూరు చుట్టుపక్కల పల్లెల్లో తిరునాళ్లకు బండలాగుడు పోటీలు జరుగుతాయి. ఎద్దులు రాతిబండను లాగుతుంటే జనం వూగిపోతారు. బహుమతుల సొమ్ము చందాలుగా వస్తుంది. కండబలం చూడడానికి జనం చేరడమూ, అక్కడ డబ్బు పోగుపడడమూ మనకు కొత్త కాదు. వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడు సర్కసులో యినుప గొలుసులు తెంచి గడించిన ధనంలో చాలా భాగం దానాలకే వెచ్చించాడని ప్రసిద్ధి. 1980లో కెనడా యువకుడు టెర్రీ ఫాక్స్ కృత్రిమ కాలితో పరుగెత్తి క్యాన్సర్ పరిశోధనకు నిధి కూడబెట్టాడు. చెమటను చందాగా మార్చే ఈ పద్ధతితోనే యిప్పుడు అనేక దేశాల్లో పేదపిల్లలను వేసవి శిబిరాలకు పంపుతున్నారు.

పని మంచిదే. అయితే ఆ శిబిరం పుట్టుకను కూడా పరిశీలించాలి. 1876లో జూరిచ్ నగరంలో బియోన్ అనే మతాచార్యుడు 68 మంది పేదపిల్లలను కొండప్రాంతానికి తీసుకుపోయాడు. మరుసటి సంవత్సరం న్యూయార్కు మురికివాడల పిల్లలను పార్సన్స్ అనే మరో మతాచార్యుడు పల్లెలకు పంపించాడు. రెండింటికీ ఆధారం దాతల జాలి. 1925లో పారిస్ పక్కనున్న ఇవ్రీ పురపాలక సంఘం కమ్యూనిస్టుల చేతికి వచ్చిన తర్వాత, కార్మికుల పిల్లల సముద్రతీర విడిదికి పురపాలక సంఘమే పూనుకుంది. గాలి అదే, అన్నం అదే. కాని భిక్ష కాస్తా హక్కు అయింది. చరిత్రలో అసలు మార్పు యిదే.

మనదేశంలో సమస్య మరింత లోతైనది. పట్నంలో వున్నవాళ్ల బిడ్డకు వేసవి సెలవులంటే విశ్రాంతి. కూలివాడి బిడ్డకు బడి మూతపడితే మధ్యాహ్న భోజనమూ ఆగిపోతుంది. అందుకే 2004లో సుప్రీంకోర్టు, కరువు ప్రాంతాల్లో వేసవి సెలవుల్లో కూడా ఆ భోజనం పెట్టాలని ఆదేశించవలసి వచ్చింది. కరువంటే ఏమిటో రాయలసీమకు వేరే చెప్పనక్కరలేదు. 1991 నుంచి రంగారెడ్డి జిల్లాలో యం.వి. ఫౌండేషన్ నడిపిన శిబిరాలు పిల్లలను ఆటవిడుపుకు కాదు, వెట్టినుంచి తప్పించి బడికి చేర్చడానికి పెట్టినవి. మన నేలమీద శిబిరమనే మాటకు వచ్చిన అర్థం అది.

కనుక నందికొట్కూరు యువకులు పిల్లలకోసం పరుగుపందెం పెడితే మనం ఆహ్వానిద్దాం, మనమూ పరుగెత్తుదాం. కాని చందా యిచ్చినవారి ఘనత చాటడానికి పిల్లలను వేదికమీద నిలబెట్టవద్దు. వచ్చిన ప్రతి రూపాయి లెక్కనూ వూరి ముందుంచాలి. సెలవుల్లో పనికి పోతున్న పిల్లలెవరో ముందుగా తెలుసుకుని, మొదటి చోటు వారికివ్వాలి. అన్నిటికంటె ముఖ్యం: మన పరుగు ప్రభుత్వం బాకీ తీరినట్లు రాసిచ్చే రసీదు కాకూడదు. వూరి చెమట ఒక వేసవిని గడిపిస్తుంది. ఏటేటా వచ్చే వేసవులకు పూచీపడవలసింది ప్రభుత్వమే. పడేటట్లు చేయవలసింది మనమే.