ముఖ్యమంత్రి పదవి: గవర్నర్ అభీష్టం, శాసనసభ విశ్వాసం

రాష్ట్ర ప్రభుత్వానికి ఎన్నికైన అధినేత ముఖ్యమంత్రి. రాజ్యాంగం ప్రకారం రాష్ట్ర కార్యనిర్వహణాధికారం గవర్నర్‌కు దఖలుపడి ఉంటుంది. ప్రభుత్వ ఉత్తర్వులన్నీ గవర్నర్ పేరిటే వెలువడతాయి. అయితే ఆ అధికారాన్ని వాస్తవంగా వినియోగించేది ముఖ్యమంత్రి నాయకత్వంలోని మంత్రిమండలి. ఇంతటి పదవిని గురించి రాజ్యాంగం చెప్పినది చాలా స్వల్పం. గవర్నర్‌కు సలహా ఇచ్చే మంత్రిమండలి గురించి 163వ అధికరణ, నియామకం గురించి 164, ప్రభుత్వ నిర్ణయాలను గవర్నర్‌కు ఎప్పటికప్పుడు తెలియజేయవలసిన బాధ్యత గురించి 167 వివరిస్తాయి. మూడో షెడ్యూలులో ముఖ్యమంత్రికి వేరుగా ప్రమాణపాఠం కూడా లేదు. రాష్ట్ర మంత్రికి నిర్దేశించిన పాఠమే ముఖ్యమంత్రికీ వర్తిస్తుంది.

చిక్కంతా 164వ అధికరణలోనే ఉంది. ముఖ్యమంత్రిని గవర్నర్ నియమిస్తారని, గవర్నర్ అభీష్టం ఉన్నంత కాలం మంత్రులు పదవిలో ఉంటారని అది ఒకచోట చెబుతుంది. మంత్రిమండలి శాసనసభకు సమష్టిగా బాధ్యత వహిస్తుందని ఆ వెంటనే చెబుతుంది. సభ విశ్వాసం ఉన్న ముఖ్యమంత్రిపై గవర్నర్‌కు అభీష్టం లేకపోతే ఏమిటి? మెజారిటీ ఉందో లేదో తేల్చవలసింది రాజ్‌భవనా, శాసనసభా? ఈ ప్రశ్నకు స్థిరమైన సమాధానం దొరకడానికి నాలుగు దశాబ్దాలకు పైగా పట్టింది. ఆ చరిత్రలో తెలుగువారి పాత్ర కొంచెం కాదు.

పదవి పేరు విషయానికి వస్తే, 1935 భారత ప్రభుత్వ చట్టం కింద 1937లో ఏర్పడిన రాష్ట్ర మంత్రివర్గాల అధినేతలను ప్రధానమంత్రులుగానే వ్యవహరించేవారు. మద్రాసు రాష్ట్రానికి 1937లో రాజగోపాలాచారి, 1946లో టంగుటూరి ప్రకాశం పంతులు ఆ హోదాలోనే పనిచేశారు. రాజ్యాంగం అమలులోకి వచ్చాక రాష్ట్రాలలో ముఖ్యమంత్రి అన్న పేరు స్థిరపడింది. జమ్మూ కాశ్మీర్‌లో మాత్రం ప్రధానమంత్రి అన్న హోదా 1965 వరకు కొనసాగింది.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ప్రకాశం పంతులే తొలి ముఖ్యమంత్రి. మరుసటి సంవత్సరం నవంబరులో, మద్యనిషేధం వివాదం నేపథ్యంలో వచ్చిన అవిశ్వాస తీర్మానం ఆయన ప్రభుత్వాన్ని ఒక్క ఓటు తేడాతో పడగొట్టింది. ఒక్క ఓటే అయినా అది సభలో లెక్కించిన ఓటు. ఆ ప్రభుత్వం ఎందుకు పోయిందన్న విషయంలో ఎవరికీ సందేహం మిగలలేదు.

ముప్పై ఏళ్ల తరువాత హైదరాబాద్‌లో జరిగినది దీనికి పూర్తిగా భిన్నం. 1983 జనవరిలో ముఖ్యమంత్రి అయిన ఎన్.టి. రామారావు, అమెరికాలో గుండె శస్త్రచికిత్స చేయించుకుని తిరిగివచ్చిన కొద్ది రోజులకే, 1984 ఆగస్టు 16న గవర్నర్ రాంలాల్ ఆయన ప్రభుత్వాన్ని బర్తరఫ్ చేశారు. ఆర్థికమంత్రిగా ఉన్న నాదెండ్ల భాస్కరరావుతో ముఖ్యమంత్రిగా ప్రమాణం చేయించారు. రామారావు మెజారిటీ కోల్పోయారన్నది అందుకు చూపిన కారణం. తనవైపు ఉన్న శాసనసభ్యులను స్వయంగా రాజ్‌భవన్‌కు వెంటబెట్టుకువెళ్లినా ఫలితం లేకపోయింది. బలం నిరూపించుకోవడానికి ఆయనకు సభ దొరకలేదు. భాస్కరరావుకు మాత్రం నెల గడువు దొరికింది. శాసనసభ్యులను కాపాడుకోవడానికి కర్ణాటకలోని నందికొండలకు తరలించవలసి వచ్చింది. రాష్ట్రమంతటా నిరసనలు చెలరేగాయి. ఆగస్టు నెలాఖరులో రాంలాల్ స్థానంలో శంకర్ దయాళ్ శర్మ గవర్నర్‌గా వచ్చారు. సెప్టెంబరు 16న రామారావు తిరిగి ముఖ్యమంత్రి అయ్యారు. నాడు వార్తలు విన్న తరం ఆ నెల రోజులను తేదీలతో సహా ఇప్పటికీ చెప్పగలదు.

ఆ సంక్షోభం ప్రజాందోళన వల్ల, రాజకీయ ఒత్తిడి వల్ల పరిష్కారమైందే కాని, న్యాయస్థానం నియమం ఏర్పరచడం వల్ల కాదు. ఆ నియమం మరో పదేళ్లకు, పొరుగున ఉన్న కర్ణాటక నుంచి వచ్చింది. 1989 ఏప్రిల్‌లో కర్ణాటక ముఖ్యమంత్రి ఎస్.ఆర్. బొమ్మై మెజారిటీ కోల్పోయారని గవర్నర్ పెండేకంటి వెంకటసుబ్బయ్య రాష్ట్రపతికి నివేదించారు. ఈ గవర్నర్ కర్నూలు జిల్లాకు చెందిన తెలుగువారు. సభలో బలం నిరూపించుకుంటానని బొమ్మై కోరినా అవకాశం ఇవ్వలేదు. రాష్ట్రపతి పాలన వచ్చింది. 1994 మార్చి 11న సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు ఇస్తూ, మంత్రిమండలికి మెజారిటీ ఉన్నదీ లేనిదీ తేలవలసినది శాసనసభ వేదికపైనే తప్ప గవర్నర్ వ్యక్తిగత అంచనాలో కాదని స్పష్టం చేసింది. ‘బలపరీక్ష’ అన్న మాట వార్తలలో నిత్యవ్యవహారం కావడానికి మూలం ఈ తీర్పే. బొమ్మైకి మాత్రం దీనివల్ల పదవి తిరిగి రాలేదు.

1998 ఫిబ్రవరిలో ఉత్తరప్రదేశ్‌లో గవర్నర్ కల్యాణ్ సింగ్‌ను తొలగించి జగదంబికా పాల్‌ను నియమించినప్పుడు సుప్రీంకోర్టు ఇంకో అడుగు ముందుకు వేసింది. పదవి కోసం పోటీపడుతున్న ఇద్దరికీ సభలో ఒకేసారి బలపరీక్ష జరపాలని ఆదేశించింది. కల్యాణ్ సింగ్ నెగ్గారు.

ఎన్నికలలో ఎవరికీ స్పష్టమైన మెజారిటీ రానప్పుడు ఎవరిని ముందుగా ఆహ్వానించాలన్నది నేటికీ గవర్నర్ విచక్షణకే మిగిలింది. 1988 నాటి సర్కారియా కమిషన్ నివేదిక ఇందుకు ఒక క్రమం సూచించింది: ఎన్నికలకు ముందే ఏర్పడిన కూటమి, ఆ తరువాత ఇతరుల మద్దతు చూపగలిగిన అతిపెద్ద పార్టీ, ఆ పిమ్మట ఎన్నికల అనంతర కూటములు. ఇది సూచనే, శాసనం కాదు. అందుకే హంగ్ సభ ఏర్పడిన ప్రతిసారీ వాదోపవాదాలు మళ్లీ మొదటికి వస్తాయి.

ముఖ్యమంత్రి అయ్యేనాటికి చట్టసభ సభ్యత్వం ఉండి తీరాలన్న నిబంధన లేదు. అయితే ఆరు నెలల్లోగా శాసనసభకు గాని, మండలి ఉన్న రాష్ట్రాలలో మండలికి గాని ఎన్నిక కావాలి. 2021లో నందిగ్రామ్‌లో ఓడిపోయినా ముఖ్యమంత్రి పదవి చేపట్టిన మమతా బెనర్జీ, భవానీపూర్ ఉపఎన్నికలో గెలిచి గడువులోగా సభ్యురాలయ్యారు. అదే ఏడాది ఉత్తరాఖండ్ ముఖ్యమంత్రి తీరథ్ సింగ్ రావత్, ఉపఎన్నిక జరిగే వీలు కనిపించక నాలుగు నెలలైనా నిండకుండానే రాజీనామా చేశారు. గడువు ముగిశాక రాజీనామా చేసి, ఎన్నిక కాకుండానే అదే సభాకాలంలో మళ్లీ ప్రమాణం చేసే ఉపాయం పంజాబ్‌లో ఒక మంత్రి విషయంలో ప్రయోగించగా, అది చెల్లదని సుప్రీంకోర్టు 2001లో తేల్చింది. పోటీకే అనర్హులైనవారికి ఈ వెసులుబాటు వర్తించదంటూ అదే ఏడాది తమిళనాడులో జయలలిత నియామకాన్ని రద్దు చేసింది.

మంత్రివర్గ విస్తరణ వార్తలు వచ్చినప్పుడల్లా వినిపించే సంఖ్యకు ఆధారం 2003 నాటి 91వ రాజ్యాంగ సవరణ. ముఖ్యమంత్రితో కలిపి మంత్రుల సంఖ్య శాసనసభ సభ్యుల సంఖ్యలో 15 శాతం మించరాదు. అయితే 12కు తగ్గరాదు. 175 స్థానాల ఆంధ్రప్రదేశ్‌లో అది 26. 119 స్థానాల తెలంగాణలో 18గా పాటిస్తున్నారు. ఇక ఉపముఖ్యమంత్రి పదవి ప్రస్తావన రాజ్యాంగంలో లేదు. అది గౌరవం మాత్రమే. అధికారాల దృష్ట్యా వారు మంత్రులే. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో ఒకేసారి ఐదుగురు ఉపముఖ్యమంత్రులు ఉండగలగడానికి కారణం అదే.

‘ఆపద్ధర్మ ముఖ్యమంత్రి’ అన్న మాట కూడా రాజ్యాంగంలో కనిపించదు. రాజీనామా చేసిన, లేదా సభ రద్దును సిఫారసు చేసిన ముఖ్యమంత్రిని తదుపరి ఏర్పాటు జరిగే వరకు కొనసాగమని గవర్నర్ కోరడం సంప్రదాయం. 2018 సెప్టెంబరు 6న తెలంగాణ శాసనసభ రద్దయ్యాక కె. చంద్రశేఖర్ రావు డిసెంబరు వరకు ఆ విధంగానే కొనసాగారు. విధాన నిర్ణయాల జోలికి పోకపోవడం ఆ కాలంలో పాటించవలసిన మర్యాద.

శాసనసభ ఉన్న కేంద్రపాలిత ప్రాంతాలలో ఈ పదవి స్వరూపం కొంత వేరు. ఢిల్లీ, పుదుచ్చేరి ముఖ్యమంత్రులను నియమించేది రాష్ట్రపతి. పుదుచ్చేరి శాసనసభలో 30 మంది ఎన్నికైన సభ్యులు. వారిలో ఒకరు తెలుగు ప్రాంతమైన యానాం ప్రతినిధి. కేంద్ర ప్రభుత్వం మరో ముగ్గురి వరకు నామినేట్ చేయవచ్చు. 2021 ఫిబ్రవరిలో యానాం సభ్యుడితో సహా పలువురు రాజీనామా చేయడంతో వి. నారాయణసామి ప్రభుత్వం మైనారిటీలో పడింది. బలపరీక్షకు పిలుపు వచ్చినప్పుడు, నామినేటెడ్ సభ్యులకు ఓటు ఉండరాదని ఆయన వాదించారు. ఆ హక్కును సుప్రీంకోర్టు 2018లోనే సమర్థించి ఉంది. ఓటింగు జరగకుండానే ఆయన సభ నుంచి వెళ్లి రాజీనామా సమర్పించారు.