బందరు సెయింట్ మేరీ చర్చి: అద్దాల పెట్టె వెనుక మరుగైన సముద్రము

మా నూజివీడు జమీందారులు కుంపిణీకి చెల్లింపవలసిన పేష్కషు 1794 వరకు బందరు ఛీఫు, కౌన్సిలువారికే ముట్టుచుండెను గనుక, ఆ పట్టణపు చరిత్రనుగూర్చి నోరు విప్పు హక్కు మామిడితోటల నడుమ నివసించు మాకును కొంత కలదనియే నా తలంపు. బందరు మిత్రులు కోపగింతురేమో, కోపగింతురు గాక!

గుడివాడ మీదుగా బందరు చేరి సెయింట్ మేరీ చర్చిలో అడుగిడినవారి కెల్లరకు మొదట వినవచ్చునది అరబెల్లా రాబిన్సను కథయే. జనరల్ జాన్ పేటరు వలచిన యీ యువతి 1809లో మరణింపగా, వివాహము కాలేదను నెపమున శ్మశానములో చోటీయరైరనియు, అతడు వేరుగా స్థలము కొని సమాధి చేసి దానిపై చర్చి కట్టించెననియు, ఆమె భౌతికకాయము అద్దాల పెట్టెలో చెడక యుండి మీట నొక్కినంతనే పైకి వచ్చెడిదనియు చెప్పుదురు. పేటరు నిజము, సమాధి నిజము, చర్చి కన్నులయెదుటనే యున్నది. పెట్టెను, మీటను కథకులకే వదలెదను. కాని బిషప్పుగారే ఖననమునకు అడ్డుపడిరని చెప్పువారిని మాత్రము ఊరక విడువజాలను. ఆంగ్ల సంఘమునకు ఈ దేశమున తొలి బిషప్పు మిడిల్టను కలకత్తాలో దిగినది 1814లో. మదరాసుకు కోరీ బిషప్పైనది 1835లో. లేని బిషప్పు వలదని యెట్లు పలికెను? ఒకవేళ వలదన్నవాడెవడైన నున్నచో వాడు కుంపిణీ జీతముపై నున్న పాదిరియో, దండులోని యధికారియో కావలెను. 'బందరు తాజమహలు' అని శీర్షిక పెట్టుటలో గల తొందర తేదీలు చూచుటలో మనవారికి లేదు.

ఈ ప్రేమకథ నీడలో సముద్రము మరుగుపడుటయే నా యసలు బాధ. 1605లో వలందావారు (డచ్చివారు), 1611లో గ్లోబు అను ఓడపై హిప్పను కప్తానుతో ఇంగ్లీషువారు వచ్చిన రేవిది. తీరమున లోతు చాలక ఓడలు దూరముననే లంగరు వేయగా, కలంకారీ బట్టలు పడవలపై వానిని చేరెడివి. వలందుల సమాధులపై అక్షరములు లోనికి తొలిచినవి కావు, రాతినుండి పైకుబికినవి. వ్రేలు పెట్టి తడవినను చదువనగును. 1864 నవంబరు 1 రాత్రి ఉప్పెన సుమారు 30,000 ప్రాణములను గొని, ఈ రేవు నడుము విరిచినది. అయినను చర్చి చూడవచ్చినవారిలో ఆ సమాధులదాక పోవువా రరుదు. నాతో వచ్చిన తోటల గుత్తేదారు సైతము మీట ఎక్కడనియే అడిగెను.

చర్చి వాకిట ఫలకమొకటి నిలుపదలచినచో, 1809, 1814 అను రెండంకెలను దానిపై ప్రక్కప్రక్కన చెక్కింపుడని బందరువారికి నా మనవి.