కళ్ళెం ఉన్న టి-కణాలు

క్యాన్సర్ రోగి రక్తంలోంచి టి-కణాలనే రోగనిరోధక కణాలను తీసి, వాటి జన్యువుల్లో మార్పులు చేసి, పెంచి, మళ్ళీ ఒంట్లోకి ఎక్కించే చికిత్సలో ఆ కణాలు ఎక్కడ, ఎప్పుడు, ఎంత మేరకు పనిచేయాలో ముందే అమర్చిపెట్టే పద్ధతిని నియంత్రిత కణ చికిత్స అంటారు. మాత్ర వేసుకుంటే దాని ప్రభావం కాసేపటికి తగ్గిపోతుంది. టి-కణం అలా కాదు. శత్రువు కనబడితే ఒకటి వేలు అవుతుంది, ఏళ్ళ తరబడి బతుకుతుంది. ఎక్కించిన డాక్టరు దాన్ని వెనక్కి తీసుకోలేడు. అందుకే ఈ రంగంలో అసలు ప్రశ్న కణానికి ఎంత బలం ఇవ్వాలన్నది కాదు, ఆ బలాన్ని ఎలా ఆపాలన్నది.

టి-కణానికి యాంటీబాడీ ముక్కను గ్రాహకంగా తొడగవచ్చని 1980ల చివర్లో ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థలో జెలిగ్ ఎష్హార్ బృందం చూపింది. ఇలా తయారైనదే కార్-టి కణం. 2012లో ఫిలడెల్ఫియా పిల్లల ఆసుపత్రిలో, లుకేమియా తిరగబెట్టిన ఆరేళ్ళ పాపకు కార్ల్ జూన్ బృందం రూపొందించిన కణాలు ఎక్కించారు. కణాలు విజృంభించాయి. విపరీతమైన జ్వరంతో పాప వెంటిలేటర్ మీదికి వెళ్ళింది. రక్తంలో ఇంటర్‌ల్యూకిన్-6 అనే రోగనిరోధక సంకేత ప్రోటీన్ హద్దు మీరి పెరిగిందని పరీక్షలో తేలింది. దాన్ని అడ్డుకునే టోసిలిజుమాబ్ అప్పటికి కీళ్ళవాతానికి వాడే మందు. జూన్ కూతురికి ఆ జబ్బు ఉండడంతో ఆయనకు మందు సంగతి తెలుసు. అది ఇచ్చిన కొన్ని గంటల్లోనే పాప కోలుకోసాగింది, క్యాన్సర్ కూడా పోయింది. ఆ మందు తట్టకపోయి ఉంటే ఈ చికిత్స చరిత్ర మరోలా ఉండేది. 2017 ఆగస్టులో అమెరికా ఈ కణాలకు అనుమతి ఇచ్చింది.

కణాలు గురి తప్పితే వచ్చే ముప్పు వేరు. పేగు క్యాన్సర్ ముదిరిన ఒక రోగికి హెర్-2 ప్రోటీన్‌ను గుర్తుపట్టే కణాలు దాదాపు వెయ్యి కోట్లు ఎక్కించారు. ఊపిరితిత్తుల్లోనూ ఆ ప్రోటీన్ కొద్దిగా ఉంటుంది. నిమిషాల్లో ఊపిరి అందలేదు; ఐదు రోజులకు రోగి చనిపోయారు. 2010లో వెలువడిన ఈ నివేదిక చదివాక, ఒక్క గుర్తును నమ్మి కణాన్ని వదలడం ఎవరికీ సబబనిపించదు.

దీనికి మొదటి జవాబు ఆపే మీట. కణంలో కాస్పేస్-9 అనే మరణ ప్రోటీన్‌ను నిద్రాణంగా ఉంచుతారు. ఒక మందు ఇస్తే అది మేలుకుని కణాన్ని చంపేస్తుంది. 2011లో ప్రచురించిన ప్రయోగంలో ఒక్క మోతాదుకే అరగంటలో 90 శాతానికి పైగా కణాలు నశించాయి. అయితే మీట నొక్కితే ప్రమాదంతో పాటు చికిత్సా పోతుంది.

ఇంతకంటే తెలివైన దారి సిన్‌నాచ్. శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో వెండెల్ లిమ్ బృందం 2016లో దీన్ని ప్రకటించింది. ఈ గ్రాహకం బయట ఒక గుర్తును తాకగానే దాని లోపలి తోక తెగి, కేంద్రకంలోకి వెళ్ళి, మనం కోరిన జన్యువును మేల్కొల్పుతుంది. ఆ జన్యువు రెండో గుర్తును వెతికే గ్రాహకాన్ని తయారుచేయవచ్చు. ఇంటి నంబరుతో పాటు వీధి పేరు కూడా చూసి ఉత్తరం ఇచ్చే పోస్ట్‌మ్యాన్ లాంటిదన్నమాట. 2024లో ఇదే బృందం మెదడులో మాత్రమే ఉండే బ్రెవికాన్‌ను మొదటి గుర్తుగా పెట్టి, ఎలుకల మెదడులోని కణితుల మీద ఈ కణాలను పనిచేయించింది.

జన్యువు తయారుచేసేది మందు కూడా కావచ్చు. అలాంటి మరో సంకేత ప్రోటీన్ ఇంటర్‌ల్యూకిన్-12 కణితి మీద గట్టిగా పనిచేస్తుంది. కానీ నేరుగా ఒంట్లోకి ఎక్కించినప్పుడు 1995 నాటి ప్రయోగంలో ఇద్దరు చనిపోయారు. కణితిని తాకినప్పుడే కణం దాన్ని విడుదల చేసేలా జర్మనీలో హిన్రిక్ ఆబ్కెన్ బృందం రూపొందించింది. అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ ఇదే ఆలోచనను మనుషుల్లో పరీక్షించినప్పుడు, మోతాదు పెరిగేకొద్దీ మందు రక్తంలోకి జారి కాలేయాన్ని దెబ్బతీసింది. న్యూయార్క్‌లో డేవిడ్ షైన్‌బర్గ్ బృందం మరో ఉపాయం పన్నింది: కణం ఎంజైమును మాత్రమే మోసుకెళ్తుంది, విడిగా ఇచ్చే నిర్వీర్య ఔషధం ఆ ఎంజైము తగిలిన చోటే విషంగా మారుతుంది. పగ్గం మళ్ళీ డాక్టరు చేతికి వచ్చింది.

మన దేశంలో ఐఐటీ బాంబే, టాటా మెమోరియల్ ఆసుపత్రి కలిసి అభివృద్ధి చేసిన కార్-టి చికిత్స నెక్స్‌కార్19కి 2023 అక్టోబరులో అనుమతి వచ్చింది. అందులో ఎలుక నుంచి వచ్చిన యాంటీబాడీ ముక్కను మనిషి దానికి దగ్గరగా మార్చారు. ఖరీదు అమెరికా ధరలో దాదాపు పదో వంతు.

మార్చిన టి-కణాలే అరుదుగా కొత్త క్యాన్సరుగా మారిన సందర్భాలు బయటపడడంతో, 2024 జనవరిలో అమెరికా కార్-టి మందుల మీద తీవ్ర హెచ్చరిక ముద్రించమంది. కణాలు ఎక్కించుకున్నవారిని జీవితాంతం గమనిస్తూ ఉండాలని అందులో ఉంది.