ఎముకలో చీముకు కారకమెవరు? (1880-85)

ఎముకకు, దాని మజ్జకు చీము పట్టే వ్యాధిని ఆస్టియోమైలైటిస్ అంటారు. 1844లో ఫ్రెంచి శస్త్రవైద్యుడు నెలాటోన్ ఈ పేరును వాడుకలోకి తెచ్చాడు. పేరు వచ్చింది కాని కారణం తెలియలేదు. ఎదిగే వయసు పిల్లవాడికి హఠాత్తుగా తీవ్రమైన జ్వరం వచ్చి, మోకాలి దగ్గర ఎముక తాకనివ్వనంతగా నొప్పి పెడితే, దెబ్బ తగిలిందనో చలి సోకిందనో అనుకునేవారు. ఎముకను తొలిచి చీము తీయడం, అదీ కుదరకపోతే కాలు తీసివేయడం, అంతకుమించి చికిత్స లేదు.

1880 ఫిబ్రవరిలో పారిస్‌లోని ఒక పిల్లల ఆసుపత్రిలో లానెలాంగ్ అనే శస్త్రవైద్యుడు ఒక బాలిక ఎముకను తొలిచాడు. లోపలి చీమును లూయీ పాశ్చర్ పరీక్షించాడు. గుండ్రని సూక్ష్మజీవులు గుంపులుగా కనిపించాయి. అంతకు ముందు సంవత్సరమే సెగగడ్డల చీములో ఆయన ఇటువంటివాటినే చూసి ఉన్నాడు. ఈ వ్యాధి ఎముక మజ్జకు వచ్చిన సెగగడ్డే అని ఆ మే నెలలో ప్రకటించాడు. ఆయన వైద్యుడు కాడు, రసాయన శాస్త్రవేత్త. వైద్యులకు ఈ మాట మింగుడుపడకపోవడంలో ఆశ్చర్యం లేదు. మెడ మీద లేచే గడ్డ ఎక్కడ, ప్రాణం తీసే ఎముక వ్యాధి ఎక్కడ!

అదే ఏడాది స్కాట్లండ్‌లోని ఆబర్డీన్ నుంచి అలెగ్జాండర్ ఆగ్‌స్టన్ అనే శస్త్రవైద్యుడు తన పరిశోధనను బెర్లిన్‌లో జర్మన్ శస్త్రవైద్యుల సభ ముందుంచాడు. గడ్డల చీమును వరుసగా సూక్ష్మదర్శిని కింద పరీక్షించిన ఆయనకు రెండు రకాల గుండ్రని జీవులు కనిపించాయి. కొన్ని గొలుసుగా, కొన్ని గుత్తులుగా ఉన్నాయి. గుత్తులుగా ఉన్నవాటికి 1882లో, ద్రాక్షగుత్తి అనే అర్థమిచ్చే గ్రీకు మాటతో స్టెఫిలోకాకస్ అని పేరు పెట్టాడు. ఆయన గమనించిన మరో విషయాన్ని మీరు ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. వేడి, ఎరుపు లేని 'చల్లని' గడ్డల్లో ఈ జీవులు లేవు. తెలుగులో సెగగడ్డ అన్న పేరులోనే వేడి ఉంది కదా, ఇవి సెగ లేని గడ్డలన్నమాట. అలాంటి చాలా గడ్డల వెనుక ఉన్నది క్షయ. దాని కారకాన్ని రాబర్ట్ కోక్ 1882 మార్చి 24న ప్రకటించాడు. పెర్సివల్ పాట్ 1779లోనే వర్ణించిన గూని వ్యాధి వెన్నెముకకు వచ్చే ఈ క్షయే. ఈజిప్టులో ఆమెన్ దేవుడి పూజారి నెస్పెరెహాన్ మమ్మీలో కూడా దాని గుర్తులున్నాయి.

ఇక 1884లో జర్మనీలో రోజెన్‌బాక్ ఈ జీవులను విడిగా పెంచి, బంగారు రంగులో పెరిగినవాటికి ఆరియస్ అనీ తెల్లనివాటికి ఆల్బస్ అనీ పేర్లు పెట్టాడు.

పాశ్చర్ చెప్పినది నిజమని తేలిందా? ఇక్కడే విద్యార్థులు తరచుగా తొందరపడతారు. రెండు చోట్ల ఒకేలా కనిపించడం వేరు, రెండూ ఒకటే కావడం వేరు. గుండ్రని సూక్ష్మజీవులు ఎన్నో ఉన్నాయి. ఈ చిక్కును విప్పినవాడు బాసెల్‌లోని యువ శస్త్రవైద్యుడు కార్ల్ గారే. ఎముక వ్యాధి రోగి నుంచి తీసి పెంచిన స్టెఫిలోకాకస్‌ను ఆయన తన ముంజేతి చర్మంపై రుద్దుకున్నాడు. కొద్ది రోజుల్లోనే అక్కడ పెద్ద రాచపుండు, దాని చుట్టూ సెగగడ్డలు లేచాయి. ఈ ఫలితాన్ని 1885లో ప్రచురించాడు. ఎముకలోని జీవి చర్మం మీద గడ్డను పుట్టించిందన్నమాట. ఎదురు దిశలో, ఆ దశాబ్దంలోనే ఇతర పరిశోధకులు ఈ జీవిని కుందేళ్ల రక్తంలోకి ఎక్కించి ఎముకల్లో చీము పుట్టించారు. పాఠ్యపుస్తకాలు ఈ ఘనతను పాశ్చర్ ఒక్కడికే కట్టబెట్టడం సరికాదని నా అభిప్రాయం. ఊహ ఆయనదే, ఋజువు మాత్రం గారే చేతి మీద ఉంది.

చర్మం నుంచి ఎముకకు దారి రక్తమే. పిల్లల పొడవాటి ఎముకల కొసల్లో, పెరుగుదల జరిగే చోట రక్తనాళాలు వంపులు తిరిగి ప్రవాహం మందగిస్తుంది. సూక్ష్మజీవి అక్కడ నిలదొక్కుకుంటుంది. చీము పెరిగి రక్తం అందకుండా చేయడంతో ఎముకలో కొంత భాగం చచ్చిపోతుంది. పెన్సిలిన్ వచ్చాక, 1940ల నుంచి మరణాలు బాగా తగ్గాయి. అయితే స్టెఫిలోకాకస్ త్వరలోనే దానికి ఎదురు నిలిచింది. దాని కోసమే తెచ్చిన మెథిసిలిన్‌కు కూడా లొంగని రకాలను 1961లో ఇంగ్లండ్‌లో గుర్తించారు.

స్టెఫిలోకాకస్ ప్రధాన కారకమే కాని, ఏకైక కారకం కాదు. సికిల్ సెల్ వ్యాధి ఉన్నవారి ఎముకల్లో సాల్మొనెల్లా చీము పట్టిస్తుందని 1950ల నుంచి వైద్యులు గమనించారు. ఆ వ్యాధిలో వంకర తిరిగిన రక్తకణాలు సన్నని నాళాలకు అడ్డుపడి ఎముకను దెబ్బతీస్తాయి, ప్లీహం కూడా సరిగా పనిచేయదు. మన రెండు తెలుగు రాష్ట్రాల ఏజెన్సీ ప్రాంతాల గిరిజనుల్లో సికిల్ సెల్ వ్యాధి ఉంది. అక్కడి పిల్లవాడు ఎముక నొప్పితో ఆసుపత్రికి వస్తే, అది సికిల్ సెల్ నొప్పా లేక చీమా అనేది పైకి చూసి చెప్పడం నేటికీ కష్టమే. రక్తాన్ని లేదా ఎముక నుంచి తీసిన చీమును వర్ధనం చేసి చూడవలసిందే.